అవ్వాతాతల ఇంటికి వెళ్తే ముందు మంచం కింద చూడండి

మా ఊళ్ళో ఒక తాత ఉండేవాడు, వయసు డెబ్బై పైనే. నేను ఆశా వర్కర్‌గా చేరిన కొత్తలో ఒకరోజు ఆయన మంచం మీద కూర్చుని పది నిమిషాలు ఆపకుండా చెప్పాను: ఉప్పు తగ్గించు తాతా, బీడీ మానెయ్, రోజూ అరగంట నడువు, నూనె వస్తువులు వద్దు. ఆయన ఓపిగ్గా అంతా విని "మరి తినేదేముంది మే, గడ్డా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వి, సలహా ఇచ్చినట్టు రిజిస్టర్‌లో రాసుకుని వచ్చేశాను. కొన్ని నెలలకు ఆయనకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. బీపీ మాత్రలు ఎప్పుడో ఆపేశాడని అప్పుడు బయటపడింది. కవర్లు కవర్లుగా రేకుపెట్టెలో ఉన్నాయి, ఆ పెట్టె మంచం కింద ఉంది, నేను కూర్చున్న మంచం కిందే.

అప్పటినుంచి ఎవరింటికి వెళ్ళినా చెప్పడం తగ్గించి చూడటం మొదలుపెట్టాను. మాది చిత్తూరు నుంచి పూతలపట్టు వెళ్ళే దారిలో ఒక పల్లె. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా అన్న పేరు వచ్చినప్పుడు మన పని అంతా కాన్పులు, టీకాలు, వెయ్యి మంది జనాభాకు ఒక మనిషి అని లెక్క. ఇప్పుడు మా ఊళ్ళో ఏడాదికి జరిగే కాన్పులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పిల్లలంతా బెంగళూరు, చెన్నై వెళ్ళిపోయారు, ఇంటింటికీ మిగిలింది అవ్వాతాతలే. కాబట్టి కొత్తగా చేరిన ఆశాలు, ఏఎన్ఎమ్‌లు ఈ పని ఎలా చెయ్యాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను, ట్రైనింగ్‌లో చెప్పే పాఠం మళ్ళీ చెప్పను. ఊళ్ళో అమ్మానాన్నలను వదిలి దూరంగా ఉన్న పిల్లలు చదివినా నష్టం లేదు.

ఏ టైముకు వెళ్ళాలి, వెళ్ళి ఏం చెయ్యాలి

పొద్దున ఎనిమిదికి ముందు వెళ్తే పాల సెంటర్ హడావిడి, పది తర్వాత వెళ్తే ఆడవాళ్ళు కరువు పనికో చేలకో పోయుంటారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు, మూడు గంటల మధ్య తిన్నె మీద దొరుకుతారు, అదే మంచి టైము. ఇంకొకటి, నెల ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను కోసం అందరూ ఇంట్లోనే కాచుకుని ఉంటారు కదా, ఆ రోజు ఎవరు కనిపించలేదో చూసుకుంటే చాలు, ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు మంచం పట్టారో మీకే తెలిసిపోతుంది. ఆ రోజు మాత్రం ఆరోగ్యం గురించి చెప్పొద్దు, వాళ్ళ మనసంతా నాలుగు వేల మీద ఉంటుంది.

వెళ్ళగానే ఫోన్ తీసి యాప్ తెరవకండి. తెరిచారంటే వాళ్ళ దృష్టిలో మీరు గవర్నమెంటు మనిషి అయిపోతారు, అడిగినదానికల్లా "బాగుండా, ఏం లేదు" అనే అంటారు. వరసపెట్టి పిలవండి, అవ్వా, తాతా, పెద్దమ్మా, అత్తా, మీకు ఏ వరస కలిస్తే ఆ వరస. మజ్జిగ ఇస్తే వద్దనకుండా తాగండి, మర్యాద కోసం ఒకటి, ఆ ఇంట్లో ఉప్పు ఎంత వేస్తారో నోటికి తెలుస్తుందని ఇంకొకటి. నాకైతే సగం ఇళ్ళ లెక్క మజ్జిగతోనే తేలిపోయింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఏ సలహా ఇవ్వొద్దు. నిజంగానే చెప్తున్నాను, ఒక్కటి కూడా. పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా ఏం చేస్తారో చెప్పించుకోండి, ఎన్నింటికి లేస్తారు, మొదట ఏం తాగుతారు, సద్ది తింటారా, టీ ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు. సీబ్యాక్ ఫారంలో (బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు ఎంతుందో లెక్కకట్టే ఫారం) అడిగేవి సగం ఈ మాటల్లోనే వచ్చేస్తాయి, ఇంటికి వచ్చి నింపుకోవచ్చు. స్కోరు నాలుగు దాటితే ముందు పరీక్షకు పంపాలన్నది మీకు తెలిసిందే.

మాత్రల కవరు

రెండోసారి వెళ్ళినప్పుడు "అవ్వా, నీ మాత్రలన్నీ ఒకసారి తీసుకురా" అనండి. "మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగితే వేసుకుంటున్నాననే చెప్తుంది, పాపం అబద్ధం చెప్పాలని కాదు, మనం తిడతామని. అన్నీ తీసుకొచ్చి చాప మీద పోసిందనుకోండి, అప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, ఒకే మందు రెండు పేర్లతో ఉందేమో. ఇది మా వైపు చాలా ఎక్కువ. కొడుకు బెంగళూరులో డాక్టరుకు చూపించి అక్కడ మెడికల్ షాపులో కొనిచ్చిన బీపీ మాత్ర ఒకటుంటుంది, మన పీహెచ్‌సీలోనో 104 బండిలోనో ఇచ్చిన మాత్ర ఇంకొకటుంటుంది. పైన పెద్ద అక్షరాల్లో పేర్లు వేరు, కింద చిన్న అక్షరాల్లో చూస్తే రెంటిలోనూ టెల్మిసార్టనే. ఆమె రెండూ వేసుకుని పొద్దున బావి దగ్గర కళ్ళు తిరిగి పడిపోతుంది, ఇంట్లోవాళ్ళు నీరసం అనుకుని సెలైన్ పెట్టిస్తారు. చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి, చదవలేకపోతే ఫోటో తీసి ఊరి క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారికి, అదే ఎంఎల్‌హెచ్‌పీకి పంపండి. ఏది ఆపాలో మాత్రం మనం చెప్పకూడదు, అది డాక్టరు పని.

రెండు, ఎందుకు ఆపేశారో. ప్రతి మాత్రకూ ఒక కారణం ఉంటుంది, మనం అడగం అంతే. బీపీకి ఇచ్చే అమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి కాళ్ళు వాస్తాయి, "ఈ మాత్రతో కిడ్నీలు పోయినాయి" అని భయపడి ఆపేస్తారు. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఖాళీ కడుపున వేసుకుంటే కడుపు ఉబ్బరం, విరేచనాలు, అన్నంతో వేసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. ఎనలాప్రిల్ అనే బీపీ మాత్రతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. నీటి మాత్ర (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది) ఉంటే బస్సెక్కే రోజు మానేస్తారు, దారిలో ఎక్కడికి పోవాలి మరి, ఆడవాళ్ళయితే ఇంకా కష్టం. ఇవన్నీ డాక్టరుకు చెప్తే మార్చే వీలున్న విషయాలు. చెప్పేవాళ్ళు లేక రేకుపెట్టెలోకి పోతున్నాయి.

మూడు, నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పికి అంగట్లో ఇచ్చే రంగురంగుల మాత్రలు, పేరు లేని పొట్లాలు, ఎవరో ఇచ్చిన చూర్ణం. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు పాడవుతాయి, కడుపులో పుండు పడుతుంది. పేరు లేని పొడి తిన్న రెండు రోజులకే నొప్పులన్నీ మాయమై ఆకలి బాగా వేస్తోందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమో అని అనుమానించాలి. అయితే అలాంటిది నెలల తరబడి తింటుంటే ఒక్కసారిగా ఆపమని కూడా చెప్పకండి, ప్రమాదం, పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి పంపండి.

ఇక మరిచిపోకుండా వేసుకోవడానికి. చదువు రానివాళ్ళకు కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వెయ్యమని ట్రైనింగ్‌లో చెప్తారు, బాగానే ఉంటుంది. నేను ఇంకో పని చేస్తాను. రోజూ తప్పకుండా చేసే పని పక్కన మాత్ర పెట్టిస్తాను. ఒక అవ్వకు దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన, ఇంకో తాతకు పాల సెంటర్ పుస్తకంలో. పుస్తకం లేకుండా ఆయన పాలు పొయ్యడు, కాబట్టి మాత్ర తప్పదు.

ఉప్పు ప్యాకెట్ మీద తారీఖు

ఉప్పు తగ్గించు అని చెప్పడం సులభం. ఎంత వాడుతున్నారో ఎవరికీ తెలియనప్పుడు ఎంత తగ్గించాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక చిన్న చెంచా. కానీ చెంచా కొలిచి వండే ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు, చేత్తో తీసి వేసేదే. అందుకని కొత్త ప్యాకెట్ తెరిచిన రోజే దాని మీద పెన్నుతో తారీఖు రాయించండి. నలుగురున్న ఇల్లయితే రోజుకు 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఇద్దరే ఉంటే 100 రోజులు. మా ఊళ్ళో మొదటిసారి లెక్క చూస్తే ఇద్దరున్న ఇంట్లో కిలో నెల కూడా రాలేదు! ఊరగాయ పెట్టిన నెల, వడియాలు పెట్టిన నెల ఈ లెక్కలో కలపకండి, లేకపోతే అవ్వలు గొడవకొస్తారు, న్యాయంగానే.

మరి ఆ ఉప్పంతా ఎక్కడికి పోతోంది? కూరలోకి కాదు. సంగటి కలిపేటప్పుడు ఉప్పు, ఊరుబిండిలో ఉప్పు, పచ్చిపులుసులో ఉప్పు, మజ్జిగలో మళ్ళీ ఉప్పు, నంజుకోడానికి ఉప్పు మిరపకాయ, అప్పడం, ఎండు చేపలు. అన్నీ మానమంటే ఒక్కటీ మానరు, నా తాతను అడగండి. ఒక్కటి ఎంచుకోనివ్వండి, అది కూడా వాళ్ళనే. సంగటిలో ఉప్పు మానేయడం అన్నింటికన్నా సులభం, ఎలాగూ పులుసులో ముంచి తింటారు కాబట్టి వారం తర్వాత తేడా తెలియదు. మజ్జిగలో ఉప్పు బదులు కరివేపాకు, అల్లం దంచి వేస్తే అడిగి మరీ తాగుతారు. సోడియం తక్కువుండే ఉప్పు అని అంగళ్ళలో అమ్ముతారే, దాంట్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళూ, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళూ డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

రాగి సంగటి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో దీన్ని మందులా చూస్తారు. "సంగటి తింటే షుగర్ రాదు" అని ప్రతి ఇంట్లోనూ అంటారు. రాగులు మంచివే, కాల్షియం బాగా ఉంటుంది, పీచు ఉంటుంది, కాదనను. కానీ మన సంగటిలో బియ్యం కూడా ఉంటాయి కదా, కొన్ని ఇళ్ళల్లో బియ్యమే ఎక్కువ. పైగా ముద్ద సైజు చూడండి! పొద్దంతా మడక దున్నిన రోజుల్లో తిన్న ముద్దనే, ఇప్పుడు తిన్నె మీద కూర్చుని టీవీ చూస్తూ తింటున్నారు. నమలకుండా మింగేస్తారు కూడా. సంగటి మానమనొద్దు, ముద్ద సగం చేసి పక్కన పప్పో ఆకుకూరో రెట్టింపు పెట్టుకోమనండి. మునగాకు, చెంచలాకు పెరట్లోనో గట్టు మీదో దొరికేవే. చలికాలంలో అనపకాయలు వస్తే పితికిపప్పు, మిగతా రోజుల్లో ఉలవలు, పెసలు, గుడ్డు తినేవాళ్ళయితే రోజుకొక గుడ్డు. వయసైనవాళ్ళకు కండ కరిగిపోతుంటుంది, దానికి పప్పు, గుడ్డు, పాలు కావాలి. చాలా ఇళ్ళల్లో పాలన్నీ సెంటర్‌కు పోసేసి ఇంట్లో మనిషికి గ్లాసు పాలు మిగల్చరు, ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు కోపం తగ్గదు.

బెల్లం సంగతి చక్కెర సంగతి ఒకటే, షుగర్ ఉన్నవాళ్ళకు తేడా లేదు. బెల్లం కాచే జిల్లాలో ఈ మాట చెప్పి నేను చాలా తిట్లు తిన్నాను. మామిడికాయల టైములో మాత్రం గట్టిగా పట్టుకోండి, మే, జూన్‌లో షుగర్ పెరగని తాత మా ఊళ్ళో లేడు. ఒక కాయలో సగం, అన్నం తిన్న వెంటనే కాకుండా మధ్యలో, అది తిన్న రోజు సంగటి తగ్గించుకుని. పూర్తిగా మానమంటే తోటలోకి పోయి తినొస్తారు.

ఒక్కపొద్దు, కొండ మెట్లు

ఇది మన వైపు వాళ్ళకు ప్రత్యేకంగా తెలియాల్సిన విషయం. శనివారం ఒక్కపొద్దు చాలామంది ఉంటారు, పెరటాసి నెలలో అయితే ఇంటిల్లిపాదీ, తళిగ వేసి, అంటే దేవుడికి నైవేద్యం పెట్టి గోవిందా అనేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనివాళ్ళున్నారు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు అలవాటు ప్రకారం మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఉంటే షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, తిక్క తిక్కగా మాట్లాడటం. ఇంట్లోవాళ్ళు ఒంటి మీదికి దేవుడు వచ్చాడనుకున్న సందర్భం కూడా నేను చూశాను.

ఒక్కపొద్దు వదిలెయ్యమని చెప్పకండి, ఎవరూ వినరు, మనల్ని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు. పెరటాసి మొదలవక ముందే, అంటే సెప్టెంబరు మొదట్లోనే ఇలాంటివాళ్ళ పేర్లు రాసుకుని, శనివారం మాత్ర ఎలా వేసుకోవాలో డాక్టర్ని ముందే అడిగించండి. పాలు, పండ్లు తీసుకుంటే ఒక్కపొద్దు చెడిపోదని గుడి పూజారి చేత చెప్పించాను నేను, అది పనిచేసింది, నా మాట కన్నా ఆయన మాటకు విలువ ఎక్కువ. షుగర్ పడిపోతే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించాలి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి, 70 కన్నా తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

కొండకు నడిచి పోవడం కూడా అలాంటిదే. అలిపిరి నుంచి 3,550 మెట్లు. "పోయినేడు ఎక్కినాను, ఈయేడు ఎక్కలేనా" అంటారు. అరవై దాటి బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు నడిచి రావొద్దని టీటీడీనే చెప్తోంది, ఆ మాటే చెప్పండి, మనం చెప్పేదాని కన్నా దేవస్థానం చెప్పిందంటే ఊరుకుంటారు. మొక్కుంది తప్పదు అంటే, మొదటి కొన్ని మెట్లు ఎక్కి పసుపు కుంకుమ పెట్టి, దిగి బస్సులో పొమ్మని మా అత్తకు చెప్పాను, ఒప్పుకుంది. కొండకు వెళ్ళేటప్పుడు మాత్రలు చేతిసంచిలో ఉండాలి, లాకర్‌లో పెట్టిన పెట్టెలో కాదు.

నడక అంటే

మన పల్లెల్లో అవ్వను వాకింగ్‌కు పొమ్మంటే నవ్వుతుంది. అందులో న్యాయం కూడా ఉంది, ఆవును కట్టేసి, పేడ ఎత్తి, చెత్త ఊడ్చి, నీళ్ళు మోసే మనిషికి ఆ మాట చెప్పడం ఏంటి. వారానికి 150 నిమిషాలు శ్రమ చెయ్యాలన్న లెక్క ఆమెకు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాబట్టి ముందు ఎవరు పని చేస్తున్నారో ఎవరు కూర్చున్నారో వేరు చెయ్యండి. సాధారణంగా కూర్చునేది తాతలు, అదీ ఆవులు అమ్మేసినవాళ్ళు. అలాంటి తాతకు నడక పేరు చెప్పకుండా ఒక పని అప్పజెప్పించండి, సాయంత్రం పాలు సెంటర్‌కు తీసుకుపోవడం, మనవడిని స్కూల్ నుంచి తీసుకురావడం, చెరువుకట్ట మీదున్న గుళ్ళో దీపం పెట్టడం.

పని చేసే అవ్వకు కావాల్సింది వేరు, పడిపోకుండా ఉండే బలం. అరవై అయిదు దాటినవాళ్ళు వారానికి మూడు రోజులైనా నిలదొక్కుకునే వ్యాయామం చెయ్యాలంటారు. నేను నేర్పించేవి మూడే. తిన్నె మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేచి మళ్ళీ కూర్చోవడం, పదిసార్లు, చేతకాకపోతే అయిదు. గడప పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ళ మీద నిలబడటం. స్తంభం పక్కన నిలబడి ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టడం, పక్కన ఒక మనిషి ఉండాలి. టీవీ సీరియల్‌లో అడ్వర్టైజ్‌మెంట్ వచ్చినప్పుడు చెయ్యమంటాను. ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చేవాళ్ళకు ఇవేవీ నేర్పకండి, ముందు డాక్టరు చూడాలి.

పడిపోవడం ఎక్కువ రాత్రిపూటే. ఆరుబయట మంచం, మరుగుదొడ్డి దొడ్డి వైపు, మధ్యలో ఆవు గుంజ. మధ్యలో ఏముందో మీరే ఒకసారి నడిచి చూడండి, తాడు, పాచి పట్టిన బండ, అరిగిపోయిన చెప్పులు. దిండు కింద టార్చిలైటు, లేవగానే రెండు నిమిషాలు మంచం మీదే కూర్చుని తర్వాత నిలబడటం. రాత్రి లేవాల్సి వస్తుందని అవ్వలు సాయంత్రం నుంచి నీళ్ళు తాగరు, ఎండాకాలంలో అది ఇంకో ప్రమాదం, అందుకే పొద్దుననే ఎక్కువ తాగించాలి. కంటికి పొర వచ్చిందేమో కూడా అప్పుడే చూసుకోండి.

బీపీ మిషన్ పట్టుకున్నప్పుడు

మనం తప్పు చేస్తే మంచి మనిషికి మాత్ర మొదలవుతుంది. ఎండలో నడిచొచ్చిన మనిషిని అప్పుడే కూర్చోబెట్టి పట్టీ చుట్టకండి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి, వీపు ఆనాలి, కాళ్ళు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఆసరా మీద ఉండాలి. పట్టీ బట్ట మీద కాదు, చర్మం మీద. అరగంట ముందు టీ, బీడీ తాగి ఉండకూడదు, మూత్రం వస్తుంటే పోయి రమ్మనండి. అన్నింటికన్నా ముఖ్యం, మిషన్ తిరుగుతున్నంతసేపు మాట్లాడించకండి, మన అవ్వలకు ఇది పెద్ద శిక్ష అనుకోండి. రెండుసార్లు చూడాలి, మధ్యలో ఒక నిమిషం ఆగాలి. 140/90 దాటితే భయపెట్టకుండా ఇంకో రోజు మళ్ళీ చూసి పంపండి. కళ్ళు తిరుగుతున్నాయనేవాళ్ళకు కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడండి, పై అంకె 20 పడిపోతే మాత్ర సంగతి డాక్టరు చూడాలి.

షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళు చూడటం మరిచిపోకండి. చేలో చెప్పుల్లేకుండా తిరిగే మనుషులు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కళ్ళు మూసుకోమని కాలివేళ్ళ చివర మెల్లగా తాకండి, ఎక్కడ తాకానో చెప్పమనండి, చెప్పలేకపోతే స్పర్శ పోయినట్టు. వేళ్ళ సందుల్లో కూడా చూడాలి. మీరు చేత్తో వాళ్ళ పాదం పట్టుకుంటే కొంచెం సిగ్గుపడతారు, "వద్దు మే, పాపం తగుల్తుంది" అంటారు, కానీ ఆ తర్వాత మీ మాట వింటారు.

బీడీ, ఆకు వక్క

తాతల బీడీ కన్నా అవ్వల నోట్లో పుగాకే నాకు ఎక్కువ భయం, ఎవరూ అడగరు కాబట్టి. నోరు తెరిపించి టార్చి వేసి చూడండి, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, మూడు వేళ్ళు పట్టనంతగా నోరు బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. ఆకు వక్క పూర్తిగా మానిపించలేకపోతే ముందు పుగాకు ఒక్కటి తీయించండి. తర్వాత వక్క సంగతి చూద్దాం, అదీ మంచిది కాదు. మానాలని వాళ్ళకే ఉంటే 1800112356కి ఫోన్ కలిపి ఇవ్వండి, డబ్బులు పడవు.

ఎవరూ లేనివాళ్ళు

బీపీ, షుగర్ అన్నీ సరిగ్గా ఉండి, కూడు సగం తిని వదిలేసే అవ్వ ఒకామె ఉండేది. ఏం జబ్బో అర్థం కాలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు తెలిసింది, ఒక్కదానికి వండుకోబుద్ధి కాక పొద్దున చేసిన సంగటే మూడు పూటలా తింటోందని. పక్కింటి ఇంకో ఒంటరి అవ్వతో కలిపి, ఒకరోజు ఈమె కూర, ఒకరోజు ఆమె కూర అని ఒప్పించాను. గొడవలు పడ్డారు, మాట్లాడుకోవడం మానేశారు, మళ్ళీ కలిశారు, ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

పిల్లలకు ఫోన్ చేసి చెప్పాల్సి వస్తే తప్పు పట్టినట్టు మాట్లాడకండి. "మీ అమ్మ మాత్రలు ఈ నెల పదో తారీఖుకు అయిపోతాయి, మీరు అయిదో తారీఖున ఒకసారి గుర్తు చెయ్యండి" అని ఒక పని చెప్పండి, చేస్తారు. ఎవరైనా ముసలివాళ్ళను కొడుతున్నా, కూడు పెట్టకపోయినా, పింఛను లాక్కుంటున్నా 14567 నంబర్ ఉంది, పెద్దలకోసం పెట్టిన ఎల్డర్‌లైన్. "ఎందుకింక బతకడం" అనే మాట పదే పదే వస్తుంటే వయసు మాటే కదా అని వదిలెయ్యకండి, 14416 టెలిమానస్‌కు ఫోన్ కలపండి, మీరు పక్కనే ఉండండి.

పది మందిని ఒకచోట

మీటింగ్ పెట్టి రమ్మంటే రారు. వాళ్ళు ఉన్నచోటికి మనమే పోవాలి. మన జిల్లాలో ఎండాకాలం భారతం జరిగే ఊళ్ళల్లో మధ్యాహ్నం హరికథకు వచ్చేది అంతా అవ్వాతాతలే, పద్దెనిమిది రోజులు ఒకేచోట కూర్చుంటారు. గుడి పెద్దలను అడిగి పందిరి పక్కన ఒక టేబుల్ వేసుకున్నాం, హరికథ మొదలయ్యేలోపు అరగంట బీపీ, షుగర్ చూడటం. హరిదాసు గారిని బతిమాలి కథ మధ్యలో మాత్రల గురించి రెండు మాటలు చెప్పించాం, భీముడి తిండి ప్రస్తావన వచ్చినప్పుడు ఆయనే సొంతంగా సంగటి ముద్ద గురించి ఒక పిట్టకథ అల్లి చెప్పాడు, నేను నెల రోజులు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేసింది. భజన గుడి, కోలాటం గుంపు, డ్వాక్రా మీటింగ్ కూడా అలాంటివే. చూసిన అంకెలు మాత్రం అందరి ముందూ గట్టిగా చదవకండి, చీటీ మీద రాసివ్వండి.

ఒక్కటి మాత్రం అందరికీ ఒకేసారి నేర్పించొచ్చు, పక్షవాతం గుర్తులు. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి పైకెత్తితే జారిపోవడం, మాట తడబడటం. వెంటనే 108. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు, మా ఊరి నుంచి తిరుపతి చేరడానికే గంట పైన పడుతుంది. ఆకు పసరు పోయించడానికి తిరిగితే ఆ టైము అక్కడే అయిపోతుంది. నేను మొదట చెప్పిన తాతకు అదే జరిగింది, మూడు ఊళ్ళు తిప్పారు.

ఇక రాసుకునే సంగతి. మనకిచ్చే పది వేలకు ఎన్ని యాప్‌లు నింపాలో మీకు నేను చెప్పక్కర్లేదు. యాప్ ఎలాగూ నింపుతారు, దాంతోపాటు సొంతంగా ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, ఇంటికొక పేజీ. అందులో బీపీ అంకెలు కాదు, ఆ మనిషి తానే ఒప్పుకున్న ఒక్క మార్పు రాయండి, వాళ్ళ మాటల్లోనే, తారీఖుతో. "సంగటిలో ఉప్పు వెయ్యను", "పాలు నేనే తీసుకుపోతా". బయటికి వచ్చే ముందు "అవ్వా, నేనేం చెప్పినానో ఒకసారి చెప్పు" అనండి, చెప్పలేకపోతే మనం చెప్పింది సరిగ్గా లేదని అర్థం, మళ్ళీ కూర్చోండి. పదిహేను రోజుల తర్వాత వెళ్ళినప్పుడు ఆ పేజీ తీసి అదొక్కటే అడగండి. చెయ్యలేదంటే ఏం అడ్డొచ్చిందో రాసుకుని ఇంకా చిన్నది ఏదైనా ఎంచుకోమనండి. మజ్జిగ ఇస్తారు, తాగి ఉప్పు చూడండి.